గీతలు లేని బొటనవేలు

పోయిన ఎండాకాలం నుంచి చలి మొదలయ్యేదాకా మా ఇంట్లో సెల్లుఫోను రాగుల డబ్బాలో ఉండింది. పెట్టింది నేనే. పాత చీర ముక్కలో చుట్టి, పైన రాగులు పోసి, మూత బిగించి, మూత మీద రాయి పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వు రాలేదు. ఆ డబ్బా దాటి పొయ్యి దగ్గరికి పోవాలన్నా కాళ్ళు ఆడేవి కావు.

నాకొచ్చిన జబ్బుకి పేరుందని కూడా చాలాకాలం తెలియదు. గుండె దడ, అరచేతుల్లో చెమట, గొంతులో మింగుడుపడని ముద్ద. దేవుడు నన్ను వదిలేసినాడన్న గుబులు మాత్రం అన్నిటికన్నా పెద్దది. ఇప్పుడు చాలావరకు తగ్గింది. మళ్ళీ రాదని చెప్పలేను. ఇంకెవరికైనా ఇట్లాగే వస్తే, నాలాగ నోరు మూసుకుని ఒక్కరే వణకకూడదని రాస్తున్నాను. రాస్తుంటే నా చెయ్యి కూడా కొంచెం నిలుస్తుంది.

చింతపండు రోజులు

మాది మడకశిర అవతల ఒక ఊరు. మా పొలాల చివర కన్నడ మాట మొదలవుతుంది. మా ఆయన ఓబులేసు గొర్రెలు మేపుతాడు. వానలు లేక శెనక్కాయ పోయిన ఏడు నేను చేసే చింతపండు పనే మాకు అన్నం. వ్యాపారి బస్తాలు ఇంటికే తెచ్చి దింపుతాడు. పెంకు వలిచి, ఈనెలు లాగి, సుత్తెతో కొట్టి గింజ తీసి ఇస్తాం. మాఘం నుంచి ఉగాది దాటేదాకా మా వీధిలో ఏ ఇంటి ముందు చూసినా సుత్తె చప్పుడే.

యాభై దాటినాక అక్షరాలు నేర్చుకున్నాను. బడిలో పంతులమ్మగా చేసి దిగిపోయిన ఎస్తేరమ్మ టీచరు మా రేకుల చర్చి వరండాలో కూర్చోబెట్టి నేర్పింది. బైబిలు వాక్యం నా కళ్ళతో నేనే చదువుకోవాలని ఒక ఆశ. యాడా వేలిముద్ర వేయకూడదని ఇంకొక ఆశ. 'సుగుణమ్మ' అని తప్పు లేకుండా రాసిన రోజు, నా బొటనవేలికి ఇంక సిరా అంటదని మా ఆయన ముందర గొప్పలు పోయాను.

అంతలోనే మా ఊరి రేషను స్టోరుకి వేలిముద్ర మిషను వచ్చింది.

"సంతకం పెడతానప్పా, నాకు రాయను వస్తుంది," అన్నాను డీలరుతో.

"నీ సంతకం దీనికి చదవను రాదులేమ్మా. వేలు పెట్టు," అన్నాడు. వరసలో అందరూ నవ్వారు. నేనూ నవ్వి వేలు పెట్టాను. అట్లా కొన్నేళ్ళు పెడుతూనే ఉన్నాను. ఏ బాధా లేదు.

బాధ సెల్లుతో వచ్చింది. మా కూతురు లలిత బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ముఖాలు చూసి మాట్లాడుకోవచ్చని కొనిచ్చింది. మా చర్చి ఆడవాళ్ళ గ్రూపులో నన్నూ చేర్చారు. కొత్తగా చదువు వచ్చినదాన్ని కదా, వచ్చిన ప్రతి ముక్కా చదివేదాన్ని. అచ్చులో ఉన్నదంతా నిజమే అనుకునేదాన్ని. పుట్టినప్పటినుంచీ చదువుకున్నవాళ్ళు కొన్ని చదివి పారేస్తారని నాకు తెలియదు.

ఒకరోజు గ్రూపులో ఎవరో ఒక గొంతు పంపారు. మగ మనిషి గొంతు, తేనెలాగ ఉంది. ఎవరిదో ఈరోజుకీ తెలియదు. చివరి దినాల్లో మృగం ముద్ర కుడిచేతి మీద, నొసటి మీద వేస్తారని, అది పడినవాళ్ళు దేవుడికి కాకుండా పోతారని గ్రంథం చివర ఉన్న మాట నేనూ చదివిందే. ఆ గొంతు దాన్ని మిషన్లకు ముడేసింది. వేలు పెట్టిన ప్రతిసారీ ఆ మిషను మనలోనుంచి దేవుణ్ణి కొంచెం కొంచెం లాక్కుంటుందట. ఒకనాటికి వేలు ఖాళీ అవుతుందట. ఆ తర్వాత నొసటికి వస్తుందట.

అది విన్న వారానికే బియ్యానికి పోయాను. వేలు పెట్టాను. మిషను కుయ్యిమంది. కొంగుతో తుడిచి పెట్టాను. మళ్ళీ కుయ్యిమంది. ఎడమచెయ్యి పెట్టించాడు. అదీ పడలేదు.

"నీ వేళ్ళకి ఏమైందమ్మా? గీతలే లేవు. సరేలే, ఇట్ల చూడు, ముఖానికి పెడతా," అని డీలరు చిన్న డబ్బా నా నొసటికి ఎదురుగా ఎత్తాడు.

నా బొటనవేలు చూసుకున్నాను. నున్నగా ఉంది, కొలిమి పక్కన పెట్టిన మైనం లాగ. ఒక్క గీత లేదు. సంచి అక్కడే పడేసి పరిగెత్తాను. "ఏమైందప్పా ఈమెకి?" అని వెనకాల ఎవరో అంటున్నారు. నొసటికి కొంగు అడ్డం పెట్టుకుని ఇల్లు చేరాను.

ఎండాకాలం

ఆ రోజే సెల్లు రాగుల్లోకి పోయింది. తర్వాత కరెంటు స్విచ్చి నొక్కడం మానేశాను. బస్సులో టికెట్టు మిషను టిక్కుటిక్కుమంటే దిగిపోయాను. చేతులకి గుడ్డ చుట్టుకుని చింతపండు కొట్టాను. మా ఆయనకి బటన్ల సెల్లు ఉంది. లలిత దానికి చేస్తే ఆయన దూరంగా నిలబడి అరిచేవాడు: "మీయమ్మ బాగుండాది. మాట్లాడదు గానీ బాగుండాది."

ఎందుకని ఆయన అడిగితే ఒకరోజు చెప్పాను. ఆయన మా దేవుణ్ణి నమ్మినవాడు కాదు. నేను ఆదివారం చర్చికి పోతే అడ్డం చెప్పినవాడూ కాదు. కంబళి దులుపుకుంటూ అన్నాడు:

"మీ దేవుడు భూమీ ఆకాశమూ చేసినాడంటివి. ఇంత డబ్బాకి భయపడ్తాడా ఆయప్ప?"

నాకు కోపం వచ్చింది. అన్నం పెట్టకుండా లోపలికి పోయాను. ఆ మాట మాత్రం లోపలికి నాతోనే వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. వేలు ఖాళీ అయినదాన్ని అని చర్చిలో తెలిస్తే పక్కన కూర్చోనిస్తారా? ప్రార్థనలో చేతులెత్తమంటే పిడికిలి బిగించి ఎత్తేదాన్ని. చెప్పుకునే మనిషి ఎస్తేరమ్మ ఒక్కతే. ఆమె ఆ ఎండాకాలం మొదట్లోనే బుక్కరాయసముద్రంలో చెల్లెలి దగ్గరికి పోయింది, శ్రావణం దాటేదాకా రాలేదు.

అన్నం దిగక చిక్కిపోయాను. లలిత కడుపుతో ఉన్నానని చెప్పడానికి ఊరికి వచ్చింది. ఆ మాట చెప్పకముందే నన్ను చూసి ఏడ్చింది. టౌనులో ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ చీటీ రాసేచోట మిషను, మందులిచ్చే చోట మిషను. గోడవారగా కూర్చుని చేతులు చంకల్లో దాచుకున్నాను. పక్కన ఒక కన్నడ ముసలామె కూర్చుని ఉంది. నేను వణకడం చూసి తన దుప్పటి సగం నా మీద కప్పింది. బయట నిప్పులు చెరిగే ఎండ. అయినా కప్పింది.

"హెదరబేడమ్మా," అంది నా మోకాలి మీద తడుతూ. భయపడొద్దని. ఆమెను పిలిచేదాకా ఆ మాట అంటూనే ఉంది. పోయేముందు దుప్పటి నాకే వదిలేసిపోయింది.

గుండెకి తీగలు అంటించి చూశారు. ఆ కాసేపు నేను ఎట్లా పడుకున్నానో నాకే తెలియదు. గుండె బాగుందన్నారు. ఇంకొక డాక్టరు దగ్గరికి పంపారు, మనసుకి చూసే ఆమె. చిన్న పిల్ల, మా లలిత ఈడు. "నీకు పిచ్చి కాదమ్మా. ఇది భయం జబ్బు. మందు తిను, తగ్గుతుంది. నిదానంగా తగ్గుతుంది," అంది. అన్నీ చెప్పాను గానీ వేలి సంగతి మాత్రం చెప్పలేదు.

మాత్రలు తింటే నిద్ర పట్టింది. కొంచెం తిన్నాను. మా ఆయన మధ్యాహ్నాలు గొర్రెలను పక్కింటాయనకి అప్పగించి వచ్చి నా దగ్గర ఊరికే కూర్చునేవాడు. "ఏంటికి వచ్చినావు?" అంటే, "బెదిరిన గొర్రెను తరమకూడదు. పక్కన కూర్చోవాల, అంతే," అన్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, అంత మెత్తగా ఆయన మాట్లాడటం నేను వినలేదు.

అప్పుడే ఒక పెద్ద తప్పు జరిగింది. చర్చిలో ఒక అక్క నా మాత్రలు చూసి, "విశ్వాసముంటే ఇవి ఏంటికి సుగుణా?" అంది. ఆమె చెడ్డది కాదు. నేనే మానేశాను. డాక్టరును అడగకుండా మాత్రలు మానొద్దు. ఇది చదివేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది అదొక్కటే.

శ్రావణం

శ్రావణమాసంలో లలిత నాలుగు రోజులుందామని వచ్చింది. కడుపు కనపడుతోంది. అయిదో నెల స్కానింగు మా టౌనులోనే తీయించుకుంటానంది. స్కానింగు అనగానే నా గుండె మొదలుపెట్టింది. కడుపులో ఉన్న బిడ్డకి ఇంకా గీతలైనా గట్టిపడలేదు, అప్పుడే మిషనా?

"వద్దు పాపా," అన్నాను.

"డాక్టరు రాసిందిమా. బిడ్డ బాగుండాదా లేదా తెలుసుకోవద్దా?"

"నేను చెప్తాండా కదా. బాగుంటాది."

వినలేదు. నేనూ వెంట పోయాను. ఆసుపత్రి వసారాలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళు బెంచీల నిండా ఉన్నారు. లలిత పేరు పిలిచారు. అది లేచి తలుపు దగ్గరికి పోతుంటే నేను వెనకనుంచి దాని చెయ్యి పట్టుకుని లాగాను. గట్టిగా లాగాను. అది తూలింది, గోడ పట్టుకుని నిలబడింది. నేను ఆ తలుపుకి అడ్డంగా కూలబడి అరిచాను. ఏమరిచానో గుర్తులేదు. ఒంట్లో చెమట, ఊపిరి లేదు. నర్సులు వచ్చి నన్ను లేపారు. కడుపుతో ఉన్న బిడ్డ నాకు నీళ్ళు తాగించింది. దాని వరస దాటిపోయింది. ఆ రోజు స్కానింగు కాలేదు.

బస్టాండులో అది నా ముఖం చూడకుండా చెప్పింది.

"అమ్మా, నేను పడింటే ఏమయ్యుండు?"

దాని సంచి అందుకోబోయాను. ఇయ్యలేదు.

"నీ భయం నాకూ అంటుకుంటాండాది. రాత్రి నా చెయ్యి నేనే చూసుకున్న్యా, గీతలుండాయా అని. నా బిడ్డకి అంటనియ్యను. పురుటికి నీ దగ్గరికి రాను. అత్త దగ్గరే ఉంటా."

మొదటి కాన్పు. మా దిక్కు అది తల్లి ఇంట్లోనే జరగాలి. ఊళ్ళో నలుగురూ ఏమనుకుంటారన్నది నాకు తట్టలేదు. అది తూలి గోడ పట్టుకున్న చెయ్యే కనపడుతూ ఉండింది. బెంగళూరు బస్సు ఎక్కి పోయింది. కిటికీలోనుంచి చెయ్యి ఊపలేదు.

ఎస్తేరమ్మ తిరిగొచ్చినాక

వచ్చిందని తెలిసి ఆ సాయంత్రమే పోయాను. ఆమె ఇంటి మెట్ల మీద కూర్చుని, ఉన్నదంతా చెప్పాను. గొంతు సంగతి, వేలు, నొసలు, రాగుల డబ్బా, లలిత. మొదటిసారి ఒకరి ముందు పిడికిలి విప్పి బొటనవేలు చూపించాను.

ఆమె కళ్ళజోడు పైకి తోసి, వేలు చూసి, నా ముఖం చూసింది.

"మృగం మృగం అని రోజుకి ఎన్నిసార్లు తలుచుకుంటాండావే?"

"ఎప్పుడూ అదే అమ్మగారూ."

"ప్రభువును?"

పిడికిలి మళ్ళీ మూసుకున్నాను.

"మరి ఎవరిని కొలుస్తాండావు నువ్వు? భయాన్ని తీసుకొచ్చి భక్తి పీట మీద కూర్చోబెట్టినావు." తర్వాత నా చెయ్యి తీసుకుని, జాకెట్టు పైన ఎడమవైపు, బుజం ఎముక కింద తన చర్మానికి ఆనించింది. లోపల గట్టిగా ఏదో తగిలింది. అగ్గిపెట్టె అంత. చెయ్యి వెనక్కి లాక్కోబోయాను, వదల్లేదు.

"బ్యాటరీ. నీకు అ ఆలు నేర్పేనాటికే ఉండాది. గుండె నిదానమైపోతాండాదని పెట్టినారు. దీన్ని పెట్టుకునే నీకు ప్రార్థన నేర్పినా. ఆయన నా గుండెలోనుంచి లేచి పోలేదు. ఆయన ఉండే చోటు ఇంత డబ్బాతో నిండిపోతుందా?"

మా ఆయన అన్న మాటే. గొర్రెల కాపరి నోట వస్తే కోపం, టీచరమ్మ నోట వస్తే ఏడుపు. చాలాసేపు ఏడ్చాను.

"రేపు కూటానికి రా," అంది. "ఆ వేలు తెచ్చుకో."

శుక్రవారం స్త్రీల కూటంలో పాటలయినాక ఆమె లేచి, "అందరూ బొటనవేళ్ళు చూపించండి," అంది. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ముందు మా వీధిలో చింతపండు కొట్టే మార్తమ్మ చాపింది. నున్నగా ఉంది. ఆమె పక్కామెదీ అంతే. మాత్రలు ఏంటికని అడిగిన అక్కదీ అంతే. వరండా అంతా గీతలు లేని వేళ్ళు.

"నాది మిషన్లో పడక మా ఆయన్ని పంపుతాండా," అంది ఒకామె మెల్లగా.

"నాదీ పడదు. నేనూ ఆ గొంతు విని, చెప్తే ఏమంటారో అని..."

"చింతపండు పులుపు మేసిందే పిచ్చిమొద్దుల్లారా," అంది ఎస్తేరమ్మ. "ఏటేటా సీజనంతా నాననిచ్చి, పొరలు పొరలుగా ఊడనిచ్చి, మృగం తిన్నదంటారా?"

మార్తమ్మ తన వేలు వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "అయితే మనం దొంగతనం చేసినా దొరకమే!" అంది. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వుతూనే ఆ వేళ్ళన్నీ ఇంకొకసారి చూశాను. పక్క పక్కనే కూర్చుని, ఒకే భయాన్ని పిడికిట్లో దాచుకుని, ఇన్ని నెలలు పాటలు పాడామన్నమాట.

కారణం తెలిస్తే భయం పోతుందనుకున్నాను. పోలేదు. తెలివికి తెలుస్తుంది, ఒంటికి తెలియదు. డాక్టరు దగ్గరికి తిరిగి పోయి, మాత్రలు మానిన సంగతి, వేలి సంగతి చెప్పాను. తిట్టలేదు, మళ్ళీ రాసిచ్చింది. ఎస్తేరమ్మ పెద్ద ప్రార్థన ఏదీ నేర్పలేదు. నీ మాటల్లో నువ్వే చెప్పుకోమంది. దడ మొదలైతే బొటనవేలు పిడికిట్లోనుంచి తీసి, అరచెయ్యి విప్పి, "ప్రభువా, ఈ వేలు నీదే. గీతలున్నా నీదే, పోయినా నీదే" అనుకునేదాన్ని. కొన్నిసార్లు దడ ఆగేది. కొన్నిసార్లు ఆగేది కాదు. ఆగకపోయినా చెయ్యి విప్పే ఉంచేదాన్ని. ముందు అది నేర్చుకున్నాను.

స్టోరుకి పోయాను. వేలు పడలేదు. డీలరు ముఖానికి పెట్టాడు. నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను.

"కళ్ళు తెరువమ్మా. కళ్ళు మూసుకుంటే ఇది తీసుకోదు."

"ప్రార్థన చేసుకుంటాండా. అయినాక తీద్దువు, నిలువప్పా."

"బిరీన చేసుకోమ్మా, వెనకాల వరస ఉండాది."

ఆమేన్ అని కళ్ళు తెరిచాను. బియ్యం తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాను. అయినా తెచ్చుకున్నాను.

చలి మొదలైనాక

రాగుల డబ్బా మూత తీసి, సెల్లు దులిపి, చార్జింగు పెట్టి లలితకి చేశాను. ఎత్తింది.

"పాపా, నేనే."

"...ఏందిమా ఆ గరగర?"

"రాగులు. ఊదినా, ఇంకా పోలేదు."

నవ్వు వచ్చిందేమో, ఆపుకుంది. దాని స్కానింగు బెంగళూరులో అయిందట, బిడ్డ బాగుందట. నాకు చెప్పలేదు. చెప్పనందుకు నేను అడగలేదు. చెయ్యి పట్టి లాగినదాన్ని, తప్పయిందని చెప్పాను. "పురుటికి రా" అని మాత్రం నోరు రాలేదు. రోజూ చేశాను. రోజూ ముఖం చూపించాను. ఒకరోజు అదే అంది: "ఎనిమిదో నెల స్కానింగు మీ టౌనులో తీయించుకుంటా. వస్తావా? ఆ తలుపు దగ్గరికి?"

పోయాను. అదే వసారా, అదే తలుపు. లోపలికి పోయే ధైర్యం లేదు. తలుపు పక్కన నిలబడి అరచెయ్యి విప్పి పట్టుకున్నాను. తలుపు సందులోనుంచి చప్పుడు వినపడింది, దడదడమని. నా గుండే అనుకున్నాను. కాదు, బిడ్డది. పొద్దుగూకే వేళ మా గొర్రెల మంద ఇంటి దిక్కు పరిగెత్తే చప్పుడు లాగ ఉంది.

బయటికి వచ్చి నన్ను చూసి, "నిలబడే ఉండావే!" అంది లలిత. సంచి నా చేతికిచ్చింది. బెంగళూరు బస్సు ఎక్కలేదు. మా ఊరి బస్సు ఎక్కింది.

చర్చి మీద నక్షత్రం కట్టే రోజుల్లో కానుపు అయింది. ఆడబిడ్డ. తుడిచి నా చేతుల్లో పెట్టారు. అప్పుడే నర్సు ఒక చేత్తో అట్ట, ఇంకొక చేత్తో సిరా దిండు పట్టుకుని వచ్చింది.

"బిడ్డ కాలు పట్టుకోమ్మా. ముద్ర తీసుకోవాల."

ఒక్కసారిగా అంతా తిరిగొచ్చింది. చెమట, గొంతులో ముద్ద, తేనెలాంటి ఆ గొంతు. బిడ్డనెత్తుకుని పరిగెత్తమని కాళ్ళు అంటున్నాయి. మంచం మీదనుంచి లలిత నన్నే చూస్తోంది. పక్కన దుప్పటిని పిడికిలితో పట్టుకుంది, అంతే.

ప్రభువా, ఈ కాలు నీదే, అనుకుని మడమ పట్టుకున్నాను.

"నీ చెయ్యి వణుకుతాండాదమ్మా. పట్టుకోలేకపోతే ఇయ్యి, నేను పట్టుకుంటా."

"వణకనీమ్మా. నేను వదలను."

మొదటి ముద్ర చెదిరిపోయింది. రెండోది నిలిచింది. నా చిటికెన వేలంత పాదం, దాన్నిండా సన్నసన్న గీతలు, దున్నిన చేను లాగ. ఏ మిషనూ చూడకముందు గీసినవి. లలిత పిడికిలి విప్పింది.

చూసుకుంటే నా బొటనవేలికీ సిరా అంటుకుని ఉంది. ఇంక ఎప్పటికీ అంటదనుకున్న సిరా. కడుక్కుందామని లేచాను గానీ, బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. ఎత్తుకున్నాను.